శుక్రవారం తిప్పే ఇంజన్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం నేను అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజు ఒకటి రాస్తూ ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడమనిషి గొంతు.

"ఉదయగిరి రైటరు మీరేనా సార్?"

అవునన్నాను.

"ఆత్మకూరు నుంచి మాట్లాడతా ఉండా. మేస్త్రన్న షెడ్డుకి ఎదురంగా టీ అంగడి నాది. మీ ఇంజన్ ఒకటి ఈడ ఉండాది గదా, దాని మింద మీ నంబరు రాసుండాది. షెడ్డు ఖాళీ చేయిస్తా ఉండారు. వచ్చి తీసకపోతారా?"

"మేస్త్రి ఎక్కడమ్మా?"

అవతల పాలు మరిగే చప్పుడు, ఎవరో "అక్కా, రెండు టీ" అని అరవడం వినబడ్డాయి.

"మీకు తెలీదా సార్? అన్న చనిపోయి ఇరవై దినాలయినాది."

నేను పెన్నుకు మూత పెట్టేశాను. 'నాకు గాని నా వారసులకు గాని సదరు ఆస్తిపై ఇకమీదట ఎట్టి హక్కూ లేదు' అనే వాక్యం సగంలో ఆగింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చున్నప్పటి నుంచి ఆ వాక్యం రాస్తూనే ఉన్నాను, నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా రాసేస్తాను. ఆ రోజు మాత్రం దాన్ని పూర్తి చేయడానికి చాలాసేపు పట్టింది.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. ఆ ఇంజన్ తెచ్చి పెట్టడానికి నా దగ్గర కారు లేదు. రెండేళ్ళ కిందటే అమ్మేశాను. మేస్త్రికి ఆ మాట చెప్పలేదు. కలిసినప్పుడల్లా "వచ్చే నెల బండి తెస్తాను మేస్త్రీ" అంటూ వచ్చాను. ఈ రోజు చెబుదాం, ఈసారి చెబుదాం అనుకుంటూనే వాయిదా వేశాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఎదుట మనిషి లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనకు అమ్మానాయన పెట్టిన పేరు ఉండే ఉంటుంది. ఆత్మకూరులో ఎవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు. ఇళ్ళు కట్టే మేస్త్రులు ఊళ్ళో ఎంతమంది ఉన్నా, "మేస్త్రి షెడ్డు" అంటే ఆటోవాళ్ళు నేరుగా తెచ్చి నెల్లూరు రోడ్డు చివర ఉన్న ఆ రేకుల షెడ్డు ముందే దింపేవాళ్ళు. "నీ ఇంటివాళ్ళు ఎక్కడుంటారు మేస్త్రీ?" అని అడిగితే "ఉండారు" అనేవాడు. ఎవరు, ఎక్కడ అనేది అందులో ఉండేది కాదు. రెండోసారి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. షెడ్డులోనే ఒక మూల మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, గోడకు కొట్టిన మేకుకు రెండు చొక్కాలు.

పొట్టి మనిషి. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, ఒకప్పుడు ఖాకీ రంగుదేమో అనిపించే చొక్కా, ఆ మనిషికి కాస్త పెద్దవనిపించే చెవులు. ఇంజన్ వినాల్సి వచ్చినప్పుడు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, చెక్క పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని నోరు కొంచెం తెరిచేవాడు. మొదటిసారి చూసినప్పుడు పన్ను నొప్పేమో అనుకున్నాను.

"నోరు మూసుకుంటే మన లోపలి చప్పుడే మనకి ఇనపడతాది రైటరన్నా. నోరు తెరిస్తే బయటిది ఇనపడతాది," అన్నాడు.

"మా ఆఫీసు ముందర అందరూ నోరు తెరుచుకునే ఉంటారు మేస్త్రీ, ఒకడి మాట ఒకడికి వినబడదు," అన్నాను.

ఆయన నవ్వలేదు. జోకు ఆయన దాకా చేరడానికి టైము పట్టేది. అరగంట తర్వాత బండి కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తుండగా కింద నుంచి నవ్వు మొదలైంది. కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఆ కాళ్ళు కూడా నవ్వాయి.

రోడ్డు మీద పోయే బండిని ఆయన తలెత్తి చూసేవాడు కాదు. పని చేస్తూనే చెప్పేవాడు. "దుత్తలూరు జీపు వస్తా ఉండాది." అది ఇంకా మలుపు తిరగకముందే చెప్పేవాడు. "వింజమూరు డాక్టరు. క్లచ్చి మింద కాలు తియ్యడు మహానుభావుడు, కుర్చీ అనుకుంటా ఉండాడు." నేను రోడ్డు మీదికి పోయి చూస్తే జీపు దుత్తలూరుదే, కారు డాక్టరుదే. ఒకసారైనా తప్పు చెబితే బాగుండునని పందేలు కాసి చూశాను. ఎప్పుడూ నేనే ఓడిపోయి టీ తాగించేవాణ్ణి.

ఆయన పని పాత కార్లకు ఇంజన్ మార్చడం. మా చుట్టుపక్కల పాత పెట్రోలు కార్లు ఉన్నవాళ్ళంతా ఒక కాలంలో వాటి ఇంజన్లు తీయించి, వ్యాన్ల డీజిల్ ఇంజన్లు వేయించుకున్నారు. వ్యాన్ ఇంజన్ కాళ్ళు కారు చట్రానికి కుదరవు. ఇనుప దూలం కోయాలి, మళ్ళీ అతకాలి, గేరు బాక్సుకూ ఇంజన్‌కూ మధ్య కొత్త పలక తయారు చేయాలి. అదంతా ఆయన ఒక్కడే, పైన చైను కప్పీకి ఇంజన్‌ను వేలాడదీసుకుని, దానితో మెల్లగా మాట్లాడుకుంటూ చేసేవాడు. అంతవరకూ వేరే ఊళ్ళలో వేరే మెకానిక్కులు కూడా చేస్తారు. తీసేసిన ఇంజన్‌ను ఏం చేస్తాడన్న దగ్గరే ఈయన అందరి లాంటి మనిషి కాదు.

తీసేసినది ఎవరికీ అక్కర్లేదు. "ఈడనే ఉండనీ మేస్త్రీ, వచ్చి తీసకపోతాం" అనేసి కొత్త ఇంజన్‌తో పోయేవాళ్ళు. ఆ మాటకు అర్థమేమిటో మన ఊళ్ళల్లో చంటిపిల్లకైనా తెలుసు. మేస్త్రికి తెలియదు. ఆయన చేసిన తప్పల్లా అదొక్కటే, జనం వాకిలి దాటుతూ అనేసిన మాటను రిజిస్టరు చేసిన దస్తావేజులా పట్టుకు కూర్చోవడం. షెడ్డు వెనక గోడ వెంబడి తుమ్మ మొద్దుల మీద పదకొండు ఇంజన్లు వరసగా ఉండేవి. ఒక్కోదాని మీద తెల్ల పెయింటుతో ఊరి పేరు, ఫోన్ నంబరు. పైన గోనెపట్టా.

శుక్రవారం పొద్దున ఎంత తొందర పని వచ్చినా ముట్టేవాడు కాదు. గోనెపట్టాలు తీసి, ప్లగ్గులు విప్పి, ఆ బెజ్జాల్లో ఒక్కో చెంచా ఆయిల్ పోసి, ముందువైపు హ్యాండిల్ తగిలించి ఒక్కో ఇంజన్‌ను మెల్లగా రెండు చుట్లు తిప్పేవాడు. అలా తిప్పకపోతే లోపల తుప్పు చేరి, కదిలేవి కదలనివాటికి అంటుకుపోయి ఇంజన్ పట్టేస్తుంది. "పట్టేస్తే ఇంక అది ఉట్టి ఇనుమే అన్నా," అనేవాడు. ఊళ్ళ పేర్లతోనే వాటిని పిలిచేవాడు. "సీతారామపురం బాగుండాడు. కలిగిరి ఈ వారం రవ్వంత బిర్రుగా ఉండాడు, అలిగినాడేమో." నాది ఆ వరసలో చివరిది. దాని పేరు ఉదయగిరి.

నా కారు మా నాయనది. నల్ల అంబాసిడర్. ఆయన దాంట్లోనే కొండ కింద పల్లెలన్నిటికీ పంచాయితీలకు పోయేవాడు. ఆయన పోయాక అది గొడ్ల పాకలో గేదెల పక్కన నిలబడింది. గేదెలైనా పాలిచ్చేవి, ఇది అదీ లేదు. తర్వాత నా భార్యకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు నెల్లూరు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. పోయేటప్పుడు కూర్చునేది, వచ్చేటప్పుడు పడుకోవాల్సిందే. ఆ కారు వెనక సీటు మంచమంత ఉంటుంది. కాని పెట్రోలు తాగడంలో అది మా నాయన పరువుకు తగ్గట్టే తాగేది. డీజిల్ ఇంజన్ వేయిస్తే తప్ప నా వల్ల కాదని తేలిపోయింది.

బండి తీసుకుపోయిన రోజు మేస్త్రి ఇంజన్ ఆపనివ్వలేదు. బానెట్ ఎత్తి, ఎదురంగడి నుంచి గ్లాసు నిండా టీ తెచ్చి, నడుస్తున్న ఇంజన్ మూత మీద పెట్టాడు.

"చూడు," అన్నాడు.

చూశాను. టీ మీద కట్టిన మీగడ కూడా కదలడం లేదు.

"ఇంత నెమ్మదస్తుణ్ణి ఎందుకు తీస్తా ఉండావు?"

చెప్పాను. ఎవరి కోసమో, వారానికి ఎన్నిసార్లో, ఎంత దూరమో చెప్పాను. ఆయన తల ఊపి, గ్లాసు నా చేతికిచ్చాడు.

"ఈ టీ తాగు. తాగిందాకా దీన్ని ఇను. ఈ బండిలో మళ్ళా ఈ గొంతు ఇనపడదు."

అది ఆయన పద్ధతి. ఎంతటివాడు వచ్చినా, ఇంజన్ తీసే ముందు దాని మీద పెట్టిన టీ తాగుతూ దాన్ని వినాల్సిందే. తొందరగా ఉన్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేనూ మొదట విసుక్కున్నాను. ఇంజన్ వేడికి ఆ టీ ఎంతకీ చల్లారదు, ఊదుకుంటూ తాగాను. మా నాయన గొంతు సవరించుకుని కండువా వేసుకునే పొద్దులు గుర్తుకొచ్చాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తప్పు టీ ఆవిరి మీద వేశాను. మేస్త్రి అటు తిరిగి స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

నాలుగు రోజుల పని అన్నాడు. నాలుగో రోజు పోతే కొత్త ఇంజన్ బిగించి ఉంది, స్టార్టు కూడా అయింది. నాకు చాలనిపించింది. ఆయన ఒక చెంబు నిండా నీళ్ళు తెచ్చి వెనక సీటు మీద పెట్టాడు. నీళ్ళు చిందాయి. ఇంజన్ ఆపి, మళ్ళీ కప్పీ దించాడు. లారీ టైరు కోసి, దాని రబ్బరును పొరలు పొరలుగా ఇంజన్ కాళ్ళ కింద పెట్టాడు. మళ్ళీ చిందాయి. మళ్ళీ తీశాడు. ఏడో రోజు నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక సీటు మీద వెల్లకిలా పడుకుని, చెంబు రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"సోమశిల రోడ్డులో పోనీ. గుంతలు చూసి తప్పించబాక, గుంతల్లోనే పోనీ."

అద్దంలో చూస్తే కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, రెండు చేతులూ చెంబుకు అటూ ఇటూ పెట్టుకుని ఉన్నాడు. పదిమైళ్ళు పోయి తిరిగొచ్చాం. లేచేసరికి చొక్కా తడిసిపోయింది.

"నడిపేటప్పుడు నాకేమీ అదిరినట్టు లేదే మేస్త్రీ," అన్నాను.

"ముందర కూర్చున్నోడికి బండి తెలస్తాది అన్నా. ఎనక పడుకున్నోళ్ళకి ఇంజన్ తెలస్తాది. వదిన పడుకునేది ఎనకాల గదా."

బండి ఇంకా రెండు రోజులు ఉంచుకున్నాడు. తొమ్మిదో రోజు మళ్ళీ అలాగే పోయొచ్చాం. ఈసారి రొమ్ము మీద అరచేయంత తడి. దాన్ని వేలితో తాకి చూసుకుని, "ఇది రోడ్డుది. నాది కాదు," అన్నాడు. అప్పుడిచ్చాడు బండి.

మొదటిసారి నెల్లూరు నుంచి తిరిగొస్తూ నా భార్య ఆ కొత్త చప్పుడును చాలాసేపు విన్నది. "మీ నాయన బండి దగ్గేది. ఇది గురక పెడతా ఉండాదయ్యా," అన్నది. ఇంకాసేపటికి, "పాతది ఏం జేసినావు?" అని అడిగింది. మేస్త్రి దగ్గరే ఉందని చెప్పాను. "నేను బాగయినాక దాన్నే పెట్టించు. ఈ డీజిలు వాసన నాకు పడదు," అన్నది.

ఆ మాట నేను మేస్త్రికి చెప్పాను. ఊరికే, మాటవరసకు చెప్పాను. మాటవరసకు చెప్పకూడని మనిషికి చెప్పానని అప్పుడు తెలియదు.

అప్పటి నుంచి నెల్లూరు పోతూ వస్తూ షెడ్డు ముందు ఒక నిమిషం ఆపేవాణ్ణి. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కిటికీకి కాస్త దూరంగా నిలబడి, లోపలికి చూడకుండా అడిగేవాడు. "అదరతా ఉండాదా వదినా?"

ఒక రోజు ఆమె కళ్ళు తెరవకుండానే, "లేదు మేస్త్రీ, నిద్రొస్తా ఉండాది," అన్నది.

ఆ ఒక్క మాటను ఆయన ఏడాది పాటు షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. డీజిలు ఇంజన్ బండిలో రోగిష్టి మనిషికి నిద్ర పట్టింది అని. నాకే నాలుగుసార్లు చెప్పాడు, ఆ రోజు బండి నడిపింది నేనే అని మర్చిపోయి.

ఒక శుక్రవారం పని మీద ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసుకు పోయి, అక్కడ అయ్యగారు లేరంటే షెడ్డుకు వచ్చాను. ఆయన వరసలో అయిదో ఇంజన్ తిప్పుతున్నాడు. దాని యజమాని కారు ఎప్పుడో పాత ఇనుముకు పోయిందని ఊరంతటికీ తెలుసు. ఉండబట్టలేక అడిగాను.

"రాని వాళ్ళవి ఎందుకు తిప్పుతావు మేస్త్రీ?"

"రామని చెప్పలేదు గదా," అన్నాడు. తర్వాత హ్యాండిల్ పక్కన పెట్టి మొద్దు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చుని మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"మాది సోమశిల డ్యాము నీళ్ళల్లో మునిగిపోయిన ఊరు అన్నా. ఇల్లు ఖాళీ జేసిన దినం సామాన్లన్నీ ఎద్దుల బండికి ఎక్కించినాక మా నాయన తలుపుకి తాళం ఏసినాడు. అందరూ నవ్వినారు. నీళ్ళకి తాళమేందిరా అని. నేనూ నవ్వినాను, నాకేం తెలుసు. 'తెరిచి పెట్టి పోతే ఇడిచిపెట్టినట్టు, తాళం ఏసి పోతే ఊరికి పోయినట్టు' అన్నాడు మా నాయన. అంతే."

"తాళంచెవి ఉందా?"

"నాయనతోనే పోయినాది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే పోయి చూసొస్తా. గోడలు కరిగిపోయినాయి. గడప రాయి ఉండాది." లేచి మళ్ళీ హ్యాండిల్ తీసుకున్నాడు. "కలిగిరి ఈ దినం బాగా తిరగతా ఉండాడు చూడు."

నా భార్య మూడేళ్ళు ఆ వెనక సీటు మీద పోయింది, వచ్చింది. నాలుగో ఏడు పోయింది, రాలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఆత్మకూరు పోయి మేస్త్రికి చెప్పాను. ఆయన అయ్యో అని కూడా అనలేదు. ఆ రోజు మంగళవారం. నేరుగా వెనక గోడ దగ్గరికి పోయి, గోనెపట్టా తీసి, ఉదయగిరికి నాలుగు చెంచాల ఆయిల్ పోసి, మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. మళ్ళీ పట్టా కప్పి, నా వైపు తిరగకుండానే అన్నాడు.

"వదిన మాట ఉండాది గదా. పెట్టిద్దాం. బండి ఎప్పుడు తెస్తావు?"

"వచ్చే నెల," అన్నాను.

అప్పటికి అది అబద్ధం కాదు. నిజంగానే తెద్దామనుకున్నాను. కాని ఇంటికి పోయి కారు తలుపు తీస్తే వెనక సీటు మీద ఆమె తల పెట్టుకునే చోట గుడ్డ కాస్త లోపలికి పోయి ఉంది. ఆ పల్లం ఎంత దులిపినా పోలేదు. డ్రైవరు సీట్లో కూర్చుంటే అద్దంలో అదే కనబడేది. అద్దం పక్కకు తిప్పి కూడా చూశాను. నేను పిరికివాణ్ణి, ఆ సీటుతో ఒక ఇంట్లో ఉండలేకపోయాను. అనుమసముద్రంపేట, అందరూ ఏఎస్ పేట అనే ఊరి నుంచి ఒకాయన దర్గాకు వచ్చే జనాన్ని తిప్పుకోవడానికి బండి కావాలని వస్తే, మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. పత్రాలు నేనే రాశాను. ఎట్టి హక్కూ లేదు అని.

మేస్త్రికి మాత్రం మొహం చెల్లలేదు. ఏమని చెప్పను? నువ్వు తొమ్మిది రోజులు చొక్కా తడుపుకుని చేసిన బండిని అమ్మేశాను అనా? ఆమె చెప్పిన మాట పెట్టుకుని నువ్వు తిప్పుతున్న ఇంజన్‌కు ఇక ఇల్లు లేదు అనా? బస్సు దిగి షెడ్డులోకి పోయేటప్పుడు ఈ రోజు చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. పోగానే ఆయన రెండు టీలు కేకేసి, నా గ్లాసు ఉదయగిరి మీద పెట్టేవాడు. నడవని ఇంజన్ గనుక టీ తొందరగా చల్లారేది. "బండి ఎప్పుడు తెస్తావు?" అనేవాడు. "వచ్చే నెల మేస్త్రీ," అనేవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా టీ మింగి బయటపడేవాణ్ణి.

అయినా నెలకోసారి పోకుండా ఉండలేకపోయాను. ఆర్డీవో ఆఫీసులో పని ఉంటే పోయేవాణ్ణి, లేకపోతే పని కల్పించుకుని పోయేవాణ్ణి. ఇంట్లో నేను కుక్కరు విజిల్ తప్ప వేరే గొంతు వినని రోజులవి. అక్కడైతే ఒక మనిషి నేను వచ్చానని టీ చెప్పేవాడు. దుత్తలూరు జీపు గొంతు మారిందని, డాక్టరు ఇంకా క్లచ్చి మీద కాలు తీయలేదని చెప్పేవాడు. నేను జోకు వేస్తే అరగంట ఆగి నవ్వేవాడు. ఆ అరగంట కోసం తర్వాతి బస్సు దాకా ఉండిపోయేవాణ్ణి.

పోయిన ఎండాకాలం తర్వాత ఆయన అడగడం మానేశాడు. బండి మాట ఎత్తడం లేదు. బస్సుకు లేచేటప్పుడు, "మళ్ళా ఎప్పుడొస్తావు?" అని మాత్రం అడిగేవాడు. "వచ్చే నెల," అనేవాణ్ణి. ముసలితనం, మరుపు వచ్చిందిలే అనుకున్నాను. బతికిపోయాను అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ల రద్దీ, నా మోకాలి నొప్పి, ఇంకేవో వంకలు. మూడు నెలలు పోలేదు. ఆ మూడో నెలలోనే ఆయన పోయాడు.

ఫోన్ వచ్చిన మర్నాడు ఆత్మకూరు పోయాను. షెడ్డు తలుపు తీసే ఉంది. మంచం లేదు, చొక్కాలు లేవు. టీ అంగడి ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇన్నేళ్ళూ మా ఇద్దరికీ టీ తెచ్చిపెట్టింది ఈమే. ఇంజన్ల మీద ఉన్న నంబర్లన్నిటికీ చేసిందట. ఎత్తినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు పాత ఇనుముకు వేసేయమన్నారు. "మీరొక్కరే వస్తామన్నారు సార్," అన్నది.

నేను ఉదయగిరి మీద గోనెపట్టా తీశాను. గోడ మేకుకు ఉన్న హ్యాండిల్ తెచ్చి తగిలించి నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను, రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి. నా నోరు తెరుచుకుని ఉందని తర్వాత తెలిసింది. లోపల ఎక్కడో మెత్తగా ఒక నిట్టూర్పు వినబడి, హ్యాండిల్ తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. పట్టేయలేదు.

"మీకోసమే దాన్ని అంత బాగా పెట్టుకున్నాడు సార్," అన్నది ఆమె.

ఆ మాటకు నేను ఇక దాచుకోలేకపోయాను. ఆమెకైనా చెబుదామనుకున్నాను. "నా దగ్గర బండి లేదమ్మా. అమ్మేసి రెండేళ్ళయింది. మేస్త్రికి చెప్పలేదు."

ఆమె నన్ను వింతగా చూసింది.

"అన్నకి తెలుసు గదా సార్."

నేను హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాను.

"పోయిన ఎండాకాలం మీ బండి ఈడికి వచ్చినాది. ఇంకా మలుపు కూడా తిరగలేదు, అన్న లేచి నిలబడినాడు. 'రైటరన్న బండి వస్తా ఉండాది, ఉదయగిరిని పెట్టిస్తాడు, రెండు టీ పెట్టు' అని అరిచినాడు. గబగబా చేతులు కడుక్కున్నాడు. నేను టీ తెచ్చేతలికి బండిలోంచి దిగింది ఏఎస్ పేట ఆయన. అదురు ఎక్కువయినాది, రబ్బర్లు మార్చమని తెచ్చినాడు. 'అమ్మినాడా?' అని ఒక్క మాట అడిగినాడు అన్న. ఆయన అవునన్నాడు. ఆ రెండో టీ ఆయన చేతిలో పెట్టేసి, బండి కిందికి దూరినాడు. చాలాసేపు బయటికి రాలేదు."

"నాతో ఒక్క మాట అనలేదే," అన్నాను.

"నేనే అన్నాను సార్. బండే లేనప్పుడు ఆ ఇంజన్ ఎందుకన్నా, రైటరునే అడిగి ఇనుముకి ఏసెయ్, శుక్రవారం ఆ నడుం నొప్పితో తిప్పేది తప్పుతాది అని. 'అది ఏసేస్తే రైటరన్న ఇంక ఈడికి ఎందుకొస్తాడే?' అన్నాడు. 'నాకు తెలిసిందని చెప్పబాక. చెప్తే సిగ్గుపడి రాడు' అన్నాడు. అందుకే నేనూ మీకెప్పుడూ చెప్పలేదు."

ఆమె పోయి టీ తెచ్చింది. ఒక గ్లాసే. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, ఉదయగిరి మీద పెట్టింది. నేను తుమ్మ మొద్దు మీద కూర్చుని ఏడ్చాను. నా భార్య పోయినప్పుడు మనుషుల మధ్య ఏడవలేకపోయినది కూడా అప్పుడే వచ్చింది. రోడ్డు మీద ఏవో బండ్లు పోతున్నాయి. ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు.

మిగిలిన పది ఇంజన్లనూ ఆ సాయంత్రమే లారీకి ఎక్కించుకుపోతారని చెప్పింది. అన్నిటినీ ఇంటికి తెచ్చుకునే స్థోమత నాకు లేదు, చోటూ లేదు. పోయే ముందు ఒక్కోదానికీ హ్యాండిల్ తగిలించి రెండు చుట్లు తిప్పాను. సీతారామపురం బాగున్నాడు. కలిగిరి కొంచెం బిర్రుగా ఉన్నాడు. అన్నీ తిరిగాయి, ఒక్కటీ పట్టేయలేదు. ఉదయగిరిని, హ్యాండిల్‌ను, ఆయన ఆయిల్ చెంచాను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

ఇప్పుడది మా గొడ్ల పాకలో, ఒకప్పుడు కారు నిలబడిన చోటే, రెండు మొద్దుల మీద ఉంది. మొన్న శుక్రవారం పొద్దున గోనెపట్టా తీసి, ప్లగ్గులు విప్పి, చెంచాతో ఆయిల్ పోస్తున్నాను. టీ గ్లాసు దాని మీదే పెట్టాను. పక్కింటాయన గోడ మీదుగా కాసేపు చూసి, ఇక ఆగలేకపోయాడు.

"బండి లేకుండా ఈ ఇంజన్ ఏంది రైటరన్నా? దీన్ని ఎప్పుడు పెట్టిస్తావు?"

నేను హ్యాండిల్ తగిలించి, నోరు కొంచెం తెరిచి, మెల్లగా రెండు చుట్లు తిప్పాను.

"వచ్చే నెల," అన్నాను.